కరణం గారి సర్వర్ ఆగిపోయిన రోజు: త్రిపురాంతకం శాసనాల నుంచి వెబ్‌ల్యాండ్ దాకా

ఈ ఎపిసోడ్ భూమి రికార్డుల గురించి. ఆగండి, అప్పుడే స్క్రోల్ చేసేయకండి. మీ ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడో ఒకసారి ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగే ఉంటారు. "పాత రికార్డు దొరకట్లేదు, రేపు రండి" అనే మాట వినే ఉంటారు. ఆ మాట వెనకాల ఉన్న కథ చెప్తా. ఒక పెద్ద ఆఫీసుకు తెలిసిన విషయం ఎక్కడ ఉంటుంది? కాగితంలోనా, కంప్యూటర్‌లోనా, మనిషి బుర్రలోనా? ఆ మనిషి వెళ్లిపోతే ఏమవుతుంది?

నేను వీడియోలు మొదలుపెట్టక ముందు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. మా ఫీల్డ్‌లో ఎవరైనా రిజైన్ చేస్తే "కేటీ ఇచ్చావా?" అని అడుగుతారు. కేటీ అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. నీకు తెలిసిందంతా నీ తర్వాత వచ్చేవాడికి చెప్పి, రాసిపెట్టి వెళ్లడం. దీని మీద పెద్ద పెద్ద పుస్తకాలే ఉన్నాయి. మైకేల్ పొలానీ అనే ఆయన 1966లోనే చెప్పాడు, మనిషికి తెలిసింది ఎప్పుడూ అతను చెప్పగలిగినదానికంటే ఎక్కువే ఉంటుందని. జపాన్‌కు చెందిన నొనాకా, తకెయుచి 1995లో ఈ ఆలోచనని కంపెనీలకు పట్టుకొచ్చారు. సరే, వాళ్లు కంపెనీల గురించి రాశారు. మనం మన ఊరి గురించి మాట్లాడుకుందాం.

రాయి మీద రాసిన రికార్డు

త్రిపురాంతకం అందరికీ తెలిసిందే. శ్రీశైలానికి తూర్పు ద్వారం. కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలా త్రిపురసుందరి అమ్మవారు. గుడికి వెళ్లి దండం పెట్టుకుని వచ్చేస్తాం. కానీ అక్కడి రాళ్ల మీద రాతలున్నాయి చూడండి, అవి ఆ కాలపు రిజిస్ట్రార్ ఆఫీసు. మద్రాసు శాసన శాఖ వాళ్లు 1905లో ఇక్కడికి వచ్చి వాటికి నకళ్లు తీశారు. 1948లో అచ్చయిన దక్షిణ భారత శాసనాల పదో సంపుటంలో, తెలుగు శాసనాల సంపుటం అది, త్రిపురాంతకం పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అందులో "కర్నూలు జిల్లా, మార్కాపురం తాలూకా" అని ఉంటుంది. ఈ "కర్నూలు జిల్లా" అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

వీటిలో ఒకటి 1290 నాటిది. కాయస్థ నాయకుడు అంబదేవుడు వేయించాడు. ఈయన కాకతీయుల కిందే ఉండి, రుద్రమదేవి మీద తిరగబడ్డాడు. తను ఎవరెవర్ని ఓడించాడో అంతా ఆ శాసనంలో చెక్కించాడు. మరుసటి ఏడాది, 1291కల్లా అదే త్రిపురాంతకంలో మళ్లీ కాకతీయుల వాళ్ల శాసనాలు కనిపిస్తాయి. అంటే ఏడాది తిరక్కుండా చేతులు మారింది. అయినా కొత్తగా వచ్చినవాళ్లు పాత రాయిని పగలగొట్టలేదు. ఓడిపోయినవాడి రికార్డు, గెలిచినవాడి రికార్డు ఒకే గుళ్లో ఉన్నాయి. అందుకే ఇవాళ చరిత్రకారులు ఆ రెండేళ్ల కథ చెప్పగలుగుతున్నారు.

చిన్నవాళ్ల రాతలు కూడా అంతే ముఖ్యం. రుద్రమదేవి ఎప్పుడు పోయిందన్నది చాలాకాలం స్పష్టంగా తెలియదు. నల్లగొండ వైపు చందుపట్లలో 1289 నాటి ఒక చిన్న దాన శాసనం దొరికింది. ఆమె దగ్గర పనిచేసిన సేనాపతి మల్లికార్జున నాయకుడి సేవకుడు వేయించింది. రుద్రమదేవికి, తన యజమానికి పుణ్యం కలగాలని ఇచ్చిన దానం అది. దాంతోనే ఆ విషయం తేలింది.

ఆ కాలంలో గుడికి దీపం పెట్టించాలంటే ఊరికే డబ్బులిచ్చి వెళ్లిపోయేవాళ్లు కాదు. ఆవులనో గొర్రెలనో ఇచ్చి, వాటిని ఎవరు మేపాలి, రోజూ ఎంత నెయ్యి పోయాలి అన్నది రాయించేవాళ్లు. దానం ఇచ్చింది ఎవరు, బాధ్యత ఎవరిది, ఎప్పటిదాకా అన్నీ ఉంటాయి. ఎప్పటిదాకా అంటే సూర్యచంద్రులున్నంత కాలం. చివర్లో, దీన్ని చెడగొట్టినవాడికి శాపం. అప్పటి టర్మ్స్ అండ్ కండిషన్స్ అన్నమాట. అది గుళ్లో నలుగురూ తిరిగే చోట ఉంటుంది. చదవడం రానివాడు కూడా "ఫలానా రాయి మా తాత వేయించింది" అని చూపించగలడు.

కవిలె, కడితం, గొలుసుకట్టు

అయితే ప్రతి చేనుకీ శాసనం వేయలేం కదా. రోజువారీ లెక్కలకి కరణం ఉండేవాడు. తాటాకుల మీద రాసిన లెక్కల్ని కవిలెలు అనేవాళ్లు. ఊరి పుట్టుపూర్వోత్తరాలు రాసుకున్న పెద్ద కట్ట దండకవిలె. గుడ్డకి బొగ్గుపొడి, చింతగింజల జిగురు పట్టించి, మడతలు పెట్టి, బలపంతో రాసే నల్లటి పుస్తకం కడితం. తర్వాత కాగితం వచ్చింది. రాత మాత్రం గొలుసుకట్టు. అక్షరం నుంచి అక్షరానికి కలం ఎత్తకుండా రాసుకుంటూ పోవడం. వేగంగా రాయడానికి పుట్టిన రాత అది. కానీ బయటివాడికి అర్థం కాదు. మా భాషలో చెప్పాలంటే, కామెంట్లు లేని కోడ్.

ఊళ్లో పని ఒక్కడిదే కాదు. మునసబు శిస్తు వసూలు చేసేవాడు. కరణం లెక్క రాసేవాడు. తలారి, వెట్టి ఊరు చుట్టూ తిరిగేవాళ్లు, గట్టు ఎవరు జరిపారో వాళ్లకే ముందు తెలుస్తుంది. చెరువు నీళ్లు ఏ మడికి ఎప్పుడు వదిలారో నీళ్లు వదిలేవాడికి తెలుసు. ఏడాదికొకసారి జమాబందీ పెట్టి, పై అధికారి వచ్చి ఊరి లెక్కలన్నీ తనిఖీ చేసేవాడు. అంటే ఒక్కొక్కరికి ఒక్కో ముక్క తెలుసు, అన్నీ కలిపితే ఊరు. కాగితం మీదకి ఎక్కింది మాత్రం కరణం రాసిన ముక్కే.

ఈ వ్యవస్థని పొగడటానికి చెప్పట్లేదు. పదవి తండ్రి నుంచి కొడుక్కి. అదీ ఎక్కువగా ఒకే కులంలో. 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం దాన్ని ఇంకా గట్టిచేసింది. చదువురాని రైతుకి తన భూమి సంగతి తెలియాలంటే కరణం అరుగు దగ్గర చేతులు కట్టుకు నిలబడాలి. సుమతీ శతకంలో కరణాల మీదే పద్యాలు ఉన్నాయంటే జనానికి ఎంత భయమో అర్థం చేసుకోండి. 1960లో గుంటూరు జిల్లాలో ఒక గ్రామ మునసబు పదవి గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. గాజుల దశరథరామారావు కేసు అంటారు. వంశం చూసి ఉద్యోగం ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధమని కోర్టు తేల్చింది. సమాచారం ఒక్కడి ఇంట్లోనే ఉంటే, ఊరంతా వాడి చేతిలోనే ఉంటుంది. ఇది మర్చిపోయి "ఆ రోజులే బాగుండేవి" అనడం తప్పు.

మెకంజీ టీమ్ చేసిన పని

ఈ కరణాల దగ్గరున్న సమాచారాన్ని ఒకచోట చేర్చాలని మొదట పెద్ద ఎత్తున ప్రయత్నించింది కాలిన్ మెకంజీ. 1783లో ఇండియాకి వచ్చిన స్కాట్లండ్ ఇంజనీరు. 1794లో శ్రీశైలం వెళ్లి, అక్కడి గుడి గురించి వ్యాసం కూడా రాశాడు. 1800లో నిజాం కంపెనీకి వదిలేసిన దత్తమండలాల్లో ఆయన టీమ్ సర్వే చేసింది. మన మార్కాపురం, కంభం కూడా ఆ దత్తమండలాల్లోవే.

మెకంజీకి తెలుగు రాదు. పని చేసింది కావలి సోదరులు: బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. వాళ్లు, వాళ్ల మనుషులు ఊరూరూ తిరిగి, కరణాల్ని కూర్చోబెట్టి, కవిలెలు చదివించి, పెద్దవాళ్లు చెప్పింది విని రాసుకున్నారు. అవే కైఫీయత్తులు. ఊరి పేరు ఎలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, ఏ గుడికి ఏ మాన్యం, అన్నీ. ఇవాళ మనం క్రౌడ్ సోర్సింగ్ అంటామే, అది 200 ఏళ్ల కిందట కాలినడకన జరిగింది.

1803లోనే బొర్రయ్య చనిపోయాడు. లక్ష్మయ్య పని నడిపించాడు. 1821లో మెకంజీ పోయాక, కంపెనీ ఆ సేకరణని ఆయన భార్య దగ్గర 10,000 పౌన్లకి కొనింది. కాగితాలు కొనింది సరే. వాటిని పోగుచేసిన మనిషి లక్ష్మయ్య, "మిగిలిన పని నేను పూర్తి చేస్తా, నాకు అప్పగించండి" అని అర్జీ పెట్టుకున్నాడు. కలకత్తాలో జేమ్స్ ప్రిన్సెప్ ఉన్న కమిటీ, ఈ పనికి తగ్గ అర్హత ఒక స్థానికుడికి లేదని తేల్చేసింది. ఇరవై ఏళ్లు ఆ పని చేసినవాడికి ఆ పని రాదంట! డాక్యుమెంట్లు తీసుకుని, డెవలపర్‌ని బయటికి పంపడం అంటే ఇదే. ఏ కైఫీయత్తుకి ఎవరు చెప్పింది నమ్మొచ్చు, ఎక్కడ కరణం తన ఊరిని గొప్పగా చెప్పుకున్నాడు అన్న లోపలి విషయాలు లక్ష్మయ్యతోనే పోయాయి. కాగితాలు కూడా లండన్, కలకత్తా, మద్రాసు మూడు చోట్లకి చెదిరాయి. మన అదృష్టం కొద్దీ సి.పి. బ్రౌన్ కల్పించుకుని తెలుగువాటికి శుద్ధప్రతులు రాయించాడు. చెన్నై ప్రాచ్య లిఖిత భాండాగారంలో ఇవాళ మనకి అవి ఉన్నాయంటే అందులో ఆయన చెయ్యి ఉంది.

మూడు జిల్లాల మూటలు

ఇప్పుడు ఆ "కర్నూలు జిల్లా" సంగతికి వద్దాం. మార్కాపురం తాలూకా నిజాం చేతిలోంచి 1800లో కంపెనీకి వచ్చింది. కడప జిల్లాలో ఉండి, 1858లో కర్నూలు జిల్లాలోకి పోయింది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పుట్టినప్పుడు ఇందులోకి వచ్చింది. 1972లో ఆ జిల్లాకి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు.

మ్యాప్ మీద ఇది ఒక గీత మార్చడమే. ఆఫీసులో చూడండి. గుంటూరు జిల్లా నుంచి ఒంగోలు వైపు, నెల్లూరు జిల్లా నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి, కర్నూలు జిల్లా నుంచి మార్కాపురం, గిద్దలూరు. మూడు చోట్ల నుంచి మూడు రకాల రికార్డులు. మన సైడు మన్రో కాలం నుంచి రైత్వారీ, అంటే రైతు పేరు మీదే లెక్క. పొదిలి, దర్శి వైపు వెంకటగిరి జమీందారీ ఊళ్లు ఉండేవి. అక్కడ రైతు పేరు సర్కారు పుస్తకంలోకి సరిగ్గా ఎక్కింది 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే. ఒకే జిల్లా, ఒకే కలెక్టరు, కానీ పుస్తకాల పేర్లు వేరు, పుట్టిన ఏళ్లు వేరు. మూడు కంపెనీలు కలిసిపోయి, మూడు డేటాబేస్‌లు ఒకే సర్వర్‌లో పడేస్తే ఎలా ఉంటుందో సాఫ్ట్‌వేర్ వాళ్లకి చెప్పక్కర్లేదు. 1985లో తాలూకాలు తీసేసి మండలాలు పెట్టారు. తాలూకా ఆఫీసులో ఒకచోట ఉన్న మూటలు మళ్లీ మండలానికి ఇన్నని పంచుకున్నారు. మూట విప్పిన ప్రతిసారీ ఏదో ఒక కాగితం జారిపోతుంది. ఎవరూ దొంగతనం చేయక్కర్లేదు.

1984 జనవరి 6

ఆ రోజు ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి గ్రామోద్యోగుల పదవులు రద్దు చేసింది. కరణం, మునసబు, ఇంక లేరు. వాళ్లు సుప్రీంకోర్టుకి వెళ్లారు, 1985లో టి. వెంకటరెడ్డి కేసులో కోర్టు ప్రభుత్వం చేసింది సరే అంది. చాలా మంది రైతులకి, ముఖ్యంగా కరణం అరుగు ఎక్కే అర్హత కూడా లేని కులాల వాళ్లకి, అది పండగ. నా లెక్కలో కూడా ఆ నిర్ణయం సరైనదే.

కానీ తేదీ చూడండి. రెవెన్యూ వాళ్ల లెక్కలు మన క్యాలెండర్‌తో నడవవు, ఫసలీతో నడుస్తాయి. జూలై 1న మొదలై జూన్ 30కి అయిపోతుంది. ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం. 1983 జూలైలో ఫసలీ 1393 మొదలైంది. జనవరి 6 అంటే సరిగ్గా ఆ ఫసలీ మధ్యలో. ఏ చేలో ఏ పంట ఉందో రాసే అడంగల్ సగంలో ఉంది. పంట పొలంలో ఉంది. రాసేవాడు ఇంటికెళ్లిపోయాడు. పుస్తకాలు అప్పగించమన్నారు. కోపంలో ఉన్నవాడు ఎన్ని అప్పగిస్తాడు? అప్పగించినా గొలుసుకట్టు చదివేది ఎవరు? "ఈ సర్వే నంబర్లో పేరు అన్నది, కానీ పంచుకుని సాగు చేస్తోంది తమ్ముడు" అన్న విషయం ఏ పుస్తకంలో ఉంది?

పదవి తీసేయడం ఒక పని. ఆ పదవిలో ఉన్న తెలివిడిని ఊరి చేతికి తేవడం ఇంకో పని. మొదటిది ఒక్క రోజులో అయింది. రెండోది ఇంకా అవుతూనే ఉంది. తర్వాత గ్రామ సహాయకులు, పంచాయతీ కార్యదర్శులు, వీఆర్వోలు, 2019 నుంచి గ్రామ సచివాలయాలు. మనిషి మారిన ప్రతిసారీ కేటీ సున్నా దగ్గర మొదలవుతుంది.

చుక్క

ఇప్పుడు అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్తా. బ్రిటిష్ వాళ్లు రీసెటిల్‌మెంట్ చేసినప్పుడు తయారైన రిజిస్టర్‌ని ఆర్‌ఎస్‌ఆర్ అంటారు. భూమి ఎవరిదన్నదానికి మూలం అదే. ప్రతి సర్వే నంబరుకీ ఎదురుగా పట్టాదారు పేరు గడి ఉంటుంది. పేరు తేలనిచోట, అడిగినప్పుడు ఎవరూ ముందుకు రానిచోట, ఆ గడిలో వరసగా చుక్కలు పెట్టి వదిలేశారు. ఇంచుమించు వందేళ్ల కిందటి చుక్కలు. కరణం ఉన్నంతకాలం ఆ చుక్కల వెనకాల ఎవరున్నారో ఆయనకి తెలుసు. ఊరికీ తెలుసు. రైతులు దున్నుకున్నారు, అమ్ముకున్నారు, కొనుక్కున్నారు, పిల్లలకి పంచారు.

తర్వాత 2007 సవరణతో రిజిస్ట్రేషన్ చట్టంలోకి 22ఏ వచ్చింది. రిజిస్టర్ చేయకూడని భూముల జాబితా అది. చుక్కలున్న సర్వే నంబర్లు కూడా అందులో పడ్డాయి. ఎందుకంటే చూసేవాడు కొత్త. గడిలో రైతు పేరు లేదు కాబట్టి సర్కారు భూమి అనుకున్నారు.

కోడింగ్ చేసేవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా వినండి. డేటాబేస్‌లో నల్ అని ఒకటుంటుంది. నల్ అంటే "తెలియదు" అని అర్థం. "లేదు" అని కాదు. ఫోన్ నంబర్ గడి ఖాళీగా ఉంటే, ఆ మనిషికి ఫోనే లేదని అర్థం కాదు కదా? ఫస్టియర్ పిల్లలు కూడా ఈ తేడా చదువుతారు. ఆ చుక్క ఒక నల్. దాన్ని "ఓనర్ ఎవరూ లేరు" అని చదివారు. ఆ ఒక్క చదవడంతో తాతల నుంచి దున్నుకుంటున్న చేను బిడ్డ పెళ్లికి అమ్ముదామంటే అమ్ముడుపోదు. బ్యాంకు లోను రాదు. మన సైడు వాన మీద బతికే చేలు. కంది, పత్తి ఒక ఏడాది పోతే చేతిలో మిగిలేది ఆ కాగితమే. ఆ కాగితం పనికి రాదన్నారు.

2017లో చుక్కల భూముల చట్టం తెచ్చారు. 12 ఏళ్లకు మించి అనుభవంలో ఉన్నట్టు చూపిస్తే, కలెక్టరు అధ్యక్షతన ఉన్న కమిటీ రికార్డు సరిచేస్తుంది. 2023 మేలో కావలిలో జరిగిన సభలో 2 లక్షల ఎకరాలకు పైగా నిషేధిత జాబితా నుంచి తీసేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. పార్టీ ఏదైనా కానీ, ఆ చుక్కని చెరపడానికి ఒక చట్టసభ, కమిటీలు, సంవత్సరాలు కావాల్సి వచ్చింది. ఆ రోజు గడి పక్కన "పేరు ఎందుకు రాయలేదు" అన్న ఒక్క ముక్క రాసి ఉంటే ఇంత అవసరం లేదు.

కంప్యూటర్ వచ్చింది, మనిషి ఎక్కడ?

కర్ణాటకలో 2000 నాటికి భూమి ప్రాజెక్టు పేరుతో 2 కోట్ల రికార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కించారు. మన దగ్గర వెబ్‌ల్యాండ్ వచ్చింది, 2015లో మీభూమి వచ్చింది. ఇవాళ మీ ఫోన్‌లోనే 1బీ, అడంగల్ చూడొచ్చు. కరణం అరుగు మీద నిలబడాల్సిన తాతకి ఇది కల. ఇందులో నాకు డౌట్ లేదు, ఇది మంచిదే.

2020 డిసెంబరులో రీసర్వే మొదలైంది. డ్రోన్లు, రోవర్లు వచ్చాయి. కానీ రోవర్ ఏం చెబుతుంది? గట్టు ఎక్కడుందో చెబుతుంది. ఆ గట్టు ఎప్పుడు జరిగింది, ఎందుకు జరిగింది, అన్నదమ్ములు నోటిమాట మీద ఎలా పంచుకున్నారు, ఇవన్నీ శాటిలైట్‌కి కనిపించవు. దానికి ఊళ్లో నలుగురు కూర్చోవాలి. పాత తలారి కొడుకు, పక్క చేను రైతు, సచివాలయం సర్వేయరు, ముగ్గురూ ఒకే గట్టు మీద నిలబడాలి. నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ అంటే పెద్ద సాఫ్ట్‌వేర్ కొనడం అనుకుంటారు చాలా మంది. సాఫ్ట్‌వేర్‌లో గడులు ఉంటాయి, గడిలో ఏం రాయాలో చెప్పేది మనుషులు.

నన్నడిగితే మూడు పనులు కావాలి. పాత ఎంట్రీని చెరిపేసి కొత్తది రాయకూడదు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో కింద ఉండాలి. త్రిపురాంతకంలో 1290 రాయి పక్కనే 1291 రాయి ఉన్నట్టు. రెండోది, గొలుసుకట్టు చదవగలిగిన పెద్దవాళ్లు బతికుండగానే ఆ చదువు పిల్లలకి నేర్పించాలి. మూడోది, రికార్డుని గ్రామసభలో పైకి చదవాలి. నలుగురు విన్నప్పుడు తప్పు అక్కడే బయటపడుతుంది.

ఇక మన చేతిలో ఉన్న పని. ఈ ఆదివారం మీభూమిలో మీ సర్వే నంబర్ కొట్టి 1బీ, అడంగల్ డౌన్‌లోడ్ చేయండి. పాస్‌బుక్ పక్కన పెట్టి విస్తీర్ణం, పేరు సరిచూడండి. ఈసీ తీసుకుని, 22ఏలో ఉందేమో కనుక్కోండి. తర్వాత ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, ఇంట్లో పెద్దవాళ్లని చేను దగ్గరకి తీసుకెళ్లండి. ప్రతి చేనుకీ ఒక పేరుంటుంది, మర్రిమాను చేను అనో, కుంట కింద మడి అనో. ఆ పేరు, హద్దులు, ఎవరి దగ్గర కొన్నారు, ఎలా పంచుకున్నారు, అన్నీ చెప్పించుకోండి. తారీఖు వేసి దాచుకోండి. కోర్టులో అది పట్టా కాదు. కానీ రేపు ఏ కాగితం కోసం వెతకాలో, ఎవర్ని సాక్ష్యం అడగాలో మీకు తెలుస్తుంది.

తాతయ్యలు మనకి కేటీ ఇవ్వడానికి రెడీగానే ఉన్నారు, మనమే మీటింగ్ పెట్టట్లేదు. మీ చేను పేరేంటో కామెంట్లలో రాయండి, సర్వే నంబర్ మాత్రం రాయకండి. వచ్చే ఎపిసోడ్‌లో కంభం చెరువు. ఉంటా మరి.